కుంటనీళ్ళు మోసుకొని కడపకు

కాశీకి పోయి గంగనీళ్ళు తెచ్చుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. మేం చేసింది అందుకు తలకిందులు. మా ఊరి కుంటలో బురదనీళ్ళను ఒక బిందెడు ముంచుకొని, మూతికి గుడ్డ కట్టి, మూడు బస్సులు మారి కడప దాకా మోసుకుపోయాం.

మేమంటే నేనూ, మా చెల్లెలు ఎస్తేరూ. మాది పత్తికొండ అవతల నల్లరేగడి పల్లె. నేను ఐదో తరగతితో చాలించి, పెళ్ళి చేసుకొని అదే ఊళ్ళో కాపురమున్నాను. ఎస్తేరు ఎనిమిదో తరగతి. మా ఊరి బడి ఎనిమిదితో అయిపోతుంది. ఆ తర్వాత ఆడపిల్లలకు పత్తిచేలే. పత్తి ఏరే కూలి ఇంటికి వస్తే మంచిదే కదా అని మా నాయన లెక్క.

మా బడిలో దయామణి టీచరమ్మ ఉంది. ఒకరోజు మా ఇంటికొచ్చి, మా అమ్మ నీళ్ళకుండ పక్కన చిల్లగింజ అరగదీస్తుంటే చూసింది. చిల్లగింజ తెలియనివాళ్ళకు చెబుతాను. బఠాణీ కంటే కాస్త పెద్దగా, గుండ్రంగా ఉండే గట్టి గింజ. దాన్ని రాతి మీద నీళ్ళు చల్లి అరగదీసి, ఆ గంధాన్ని బురదనీళ్ళలో కలిపితే గంటా రెండు గంటల్లో మడ్డంతా అడుక్కు దిగి నీళ్ళు తేరుకుంటాయి. మా అమ్మకు వాళ్ళమ్మ నేర్పింది. ఇందులో గొప్పేదో ఉందని మేమెవరమూ అనుకోలేదు. టీచరమ్మ మాత్రం, కడపలో ఒక బడిలో రెండు జిల్లాల ఆడపిల్లలకు సైన్సు ప్రదర్శన పెడుతున్నారనీ, ఎస్తేరు ఈ పరీక్ష చేసి చూపించాలనీ పట్టుబట్టింది. బాగా చేసిన పిల్లల్లో ఇద్దరికి కడప హైస్కూలు హాస్టల్లో ఊరికే సీటు ఇస్తారట. మా నాయనతో చెబితే, "సీటు రానీ, చూద్దాంలే," అన్నాడు. ఆయన చూద్దామంటే ఔనో కాదో మా అమ్మకు కూడా తెలియదు.

ఇక ఎస్తేరు సంగతి. నేను ఎంత మాట్లాడతానో అది అంత మాట్లాడదు. మాటకు బదులు లెక్కపెడుతుంది. నెల రోజులు పదిసార్లు, పదైదు, ఇరవై, ఇరవైఐదు అని గింజను అరగదీసి చూసి, ఒక సీసాడు కుంటనీళ్ళకు ఇరవైసార్లు అరగదీస్తే సరిగ్గా సరిపోతుందని తేల్చింది. బయలుదేరే ముందురోజు టీచరమ్మకు చలిజ్వరం పట్టుకుంది. అలా నాకు కడప చూసే యోగం వచ్చింది.

కర్నూలు

పత్తికొండ బస్సులో బిందె ఎస్తేరు ఒళ్ళో, గాజుసీసాలు నా ఒళ్ళో. సీసాలు మా ఊరి శెట్టివి, పిప్పరమెంట్లు పోసి పెట్టుకునేవి. "పగిలితే మాత్రం మళ్ళా ఊర్లోకి రావద్దండమ్మా," అని నవ్వుతూనే ఇచ్చాడు గానీ, ఆ నవ్వు నాకంతగా నచ్చలేదు. అందుకే రెండింటినీ నా మంచిచీరలో చుట్టి పసిబిడ్డల్లా పట్టుకున్నాను.

కండక్టరు బిందెను చూసి ఆగాడు. "ఏముండాదమ్మా దీంట్లో? నెయ్యా? నెయ్యికి లగేజీ పడ్తాది."

"నీళ్ళప్పా."

నమ్మక గుడ్డ ఎత్తి చూశాడు. "ఇవి నీళ్ళా? మా బస్సు చక్రాలు కడిగినా ఇంతకంటే తేటగా వస్తాయి." బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎస్తేరు నవ్వకుండా మళ్ళీ గుడ్డ కట్టుకుంది.

కర్నూలు కొత్తగా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందని విని, నేను మేడలూ మిద్దెలూ ఊహించుకున్నాను. తీరా చూస్తే ఎటు చూసినా డేరాలు. డేరా కింద బల్ల, బల్ల మీద కాగితాల కట్టలు, అవి ఎగిరిపోకుండా మీద గులకరాళ్ళు. ఒక డేరాలోకి మేక దూరితే, కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన కలం చెవిలో పెట్టుకొని దాన్ని తరుముతున్నాడు. రాజ్యం నడపడంలో ఇదొక పనని నాకప్పటిదాకా తెలియదు.

ఆ పూట మా పిన్నమ్మ ఇంట్లో దిగాం. ఒకే ఒక్క గది, దానికి ముందొక వసారా. వసారాను ఒక గుమాస్తాకు అద్దెకిచ్చింది. "మద్రాసులో మిద్దెలో ఉన్న్యాడంట పాపం. ఈడ మా వసారాలో పండుకొని, నెలకు పదైదు రూపాయలిచ్చి, పైన నాకు దండం పెడ్తాండాడు," అంది. "ఆఫీసర్లు డేరాల్లో ఉండారు. మనకు గోడలుండాయి. ఇప్పుడు ఊర్లో మనమే గొప్పోళ్ళమే!"

పొద్దున బస్సు దగ్గర రెండణాలకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఉగ్గాని మా వైపు కూడా చేస్తారు గానీ, కర్నూలువాళ్ళు పప్పులపొడి ధారాళంగా చల్లుతారు. బజ్జీ కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అంగడామె అది చూసి సంతోషపడింది.

నంద్యాల దాటాక

కార్తీకమాసం కదా, నంద్యాలలో బస్సు నిండా మహానందికి పోయి వచ్చేవాళ్ళే. తడి చీరలు, అరటిగెలలు, నీళ్ళ డబ్బాలు. మహానంది కోనేట్లో నీళ్ళు ఎంత లోతున్నా అడుగున పడిన కాసు మీది బొమ్మ కనపడుతుందట. ఆ నీళ్ళు ఇంటికి పట్టుకుపోయి ఇరుగుపొరుగుకు ఉద్ధరిణెడు ఉద్ధరిణెడు పంచుతారు.

మా పక్కన ఒక అవ్వ కూర్చుంది. పేరు వెంకటమ్మ. కాళ్ళ దగ్గర రెండు కిరసనాయిలు డబ్బాలు, తళతళలాడేలా తోమి, నీళ్ళు నింపి పెట్టుకుంది. ఒక చక్కెరకేళి నా చేతిలో పెట్టి మాటలు మొదలుపెట్టింది.

"ఏ ఊరు బిడ్డా?"

"పత్తికొండ తావ పల్లెవ్వా."

"యాడికి పోతాండారు ఇద్దరూ?"

"కడపకు."

"ఎవురోళ్ళు మీరు?"

ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని నేను కాచుకునే ఉన్నాను. "కిరస్తానమోళ్ళమవ్వా," అన్నాను. ఆమె తన మూట తీసి అవతలికి జరుపుకుంది. నేనూ ఇవతలికి జరిగాను. మాకిది అలవాటే.

"యాడికే జరుగుతావు, పడిపోయేవు!" అని నా రెక్క పట్టుకు లాగింది. "ఆ పిల్ల బిందె మోసి మోసి కాళ్ళు తిమ్మిరెక్కినట్టుండాయి. ఈడ పెట్టమను. చోటు చేస్తాండా."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో ఇంకా ఎక్కువ మాట్లాడాను. మా అమ్మ సంగతి, మా ఆయన సంగతి, మా ఆవు తప్పిపోయి దొరికిన సంగతి. అవ్వ అన్నిటికీ "అట్లనా" అంటూ ఉంది. చివరికి బిందె మీద చెయ్యివేసి, "కడపకు నీళ్ళెందుకు మోస్తాండారే?" అంది.

"మేం తాగేవేనవ్వా. మా కుంటనీళ్ళు."

"ఊర్లో బావి లేదా?"

"ఉండాది. మమ్మల్ని చేదనియ్యరు. ఎవురన్నా తోడి పైనుంచి పోస్తే పట్టుకోవాల. వాళ్ళకు పొద్దుండద్దూ? అందుకే వానాకాలమంతా కుంటే."

అవ్వ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. పరీక్ష సంగతి మాత్రం నేను చెప్పలేదు. ఎనిమిదో తరగతి పిల్ల బురదనీళ్ళు చూపించడానికి కడప పోతోందంటే నవ్వుతుందేమోనని. ఊరంత కబుర్లు చెప్పి, చెప్పాల్సిన ఒక్కటి మింగేశాను.

ఆళ్ళగడ్డలో టైరు పేలింది. అది సర్దేసరికి గంట పట్టింది. మేం దిగి వేపచెట్ల కింద నడుము చాపాం. అవ్వ సామాన్ల దగ్గరే ఉంటానంది. మేం తిరిగొచ్చేసరికి బిందె అక్కడే ఉంది, గుడ్డ ఇంకా గట్టిగా కట్టి ఉంది. అవ్వ డబ్బాల్లో ఒకటి వెలితిగా కనబడింది గానీ, నేను పట్టించుకోలేదు.

చాగలమర్రి

అవ్వ దిగాల్సిన ఊరొచ్చింది. దిగి, కిటికీలోంచి ఎస్తేరు గడ్డం పట్టుకుంది.

"బిడ్డా, ఆ పాడునీళ్ళు పారబోసినాలే. బిందె తోమి మహానంది కోనేటి నీళ్ళు పోసినా. మీ అమ్మకూ నాయనకూ గూడా తాగనియ్యండి. ఇంగ ఆ బురద తాగొద్దండి తల్లీ."

బస్సు కదిలింది. ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది. నేనూ ఊపుతూనే ఉన్నాను, ఆ మాట అర్థమయ్యేదాకా.

ఎస్తేరు గుడ్డ విప్పింది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, బిందె అడుగున మా అమ్మ పేరు చెక్కిన గీతలు కూడా కనబడ్డాయి. ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది.

"పోనీలేవే," అన్నాను. "దిగినాక ఇంత మన్ను వేసి కలుపుదాం."

"ఆ మన్ను దానంతట అదే దిగిపోతాదక్కా. అప్పుడింగ గింజ చేసిందేముండాది? కుంటనీళ్ళు వారం పెట్టినా తేరవు. అట్లాంటి నీళ్ళు కావాల."

"అయితే యాడన్నా కుంట చూసి ముంచుకుందాం. ఇవి పారబోసి..."

అంటూనే ఆగిపోయాను. మాకు పైనుంచి పోసినవాళ్ళు ఉన్నారు. మా బిందెను చేత్తో పట్టుకొని తోమి నింపినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఆ నీళ్ళను రోడ్డు మీద ఎలా పారబోసేది?

మైదుకూరు

మైదుకూరులో బస్సు మారాలి. సంతరోజు కాబోలు, చెనక్కాయల మూటలతో బండ్లు బారులు తీరి ఉన్నాయి. మస్తాన్ సాయిబు అనే ఆయన టీ అంగడి ముందర బల్ల మీద కూర్చున్నాం, మధ్యలో బిందె.

"ఏం బేటీ," అన్నాడాయన గ్లాసులు కడుగుతూ, "బిందెను చుట్టుకొని ఏందట్ల దిగులుగా కూచోనుండారు? టీ తాగండి. టీ తాగినాక దిగులు పడొచ్చు."

ఈసారి నేనేమీ దాచలేదు. మొత్తం చెప్పేశాను. సాయిబు గ్లాసు కింద పెట్టి పొట్ట పట్టుకొని నవ్వాడు. తర్వాత ఎస్తేరు ముఖం చూసి నవ్వు ఆపాడు.

"మంచినీళ్ళు లేవని ఏడ్సినోళ్ళను దినామూ చూస్తాండా. బురదనీళ్ళు పాయెనని దిగులు పడేవాళ్ళను ఈ పొద్దే చూసినా. మా మైదుకూరులో బురదకేం కరువు తల్లీ?"

"ఈ నీళ్ళు పారబోయలేను సాయిబూ," అన్నాను.

"ఎవురు పారబోయమన్యారు?" అని తన టీ నీళ్ళ కాగు ఖాళీ చేసి, మహానంది నీళ్ళు అందులోకి ఒంపుకున్నాడు. మాకిద్దరికీ చెరో గ్లాసు పట్టి ముందు తాగించాడు. చల్లగా, ఏ రుచీ లేకుండా, అదే రుచిగా ఉన్నాయి. తర్వాత వీధిలోకి తిరిగి కేకేశాడు. "రండప్పా రండి! శివుడి నీళ్ళు, సాయిబు టీ, కిరస్తానం పిల్లోళ్ళు మోసుకొచ్చిండేది! కార్తీకమాసం పుణ్యం ఒక అణాకే!" బండ్లవాళ్ళు నిజంగానే మూగారు.

అంగడి ఒక బండాయనకు అప్పజెప్పి, సాయిబు తానే మమ్మల్ని సంత వెనక కుంటకు తీసుకుపోయాడు. ఎనుములు పడుకొని ఉన్నాయి. ఎస్తేరు చీలమండల దాకా దిగి, దోసిట్లో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూసింది.

"ఇవి మన నీళ్ళు కాదక్కా. మన్ను ఎర్రగా ఉండాది."

"నీళ్ళన్నీ నీళ్ళే కదే!"

"కాదు," అంది. కానీ వేరే దారి లేదు. బిందె నింపింది.

"మా బురద మీ బురద కంటే గొప్పది. చూస్తాండు," అన్నాడు సాయిబు. టీకి దుడ్లిస్తే తీసుకోలేదు.

కడప

పొద్దు వాలుతుండగా కడప చేరాం. ప్రదర్శనకు వచ్చినవాళ్ళకు హాస్టల్లో బస. సీసాలు, బిందె అన్నీ హాల్లో పెట్టించి తాళం వేశారు. కాబట్టి కొత్త నీళ్ళను ముందుగా పరీక్షించి చూసే దారి కూడా పోయింది.

హాస్టల్ వెనక కొళాయి ఉంది. ఎస్తేరు దాన్ని తిప్పింది, నీళ్ళొచ్చాయి. కట్టేసింది. మళ్ళీ తిప్పింది. ఎవరూ చూడటం లేదనుకొని మూడోసారి తిప్పి, కింద చెయ్యి పెట్టుకొని నిలబడింది. ఈ పిల్లకు సీటు రాకపోతే ఎలా ప్రభువా అనుకున్నాను.

అన్నంలోకి, అంటే అన్నం కాదులెండి, రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి పెట్టారు. మేం జొన్నరొట్టెల వాళ్ళం, బాగా నమిలి తినడం అలవాటు. నేను సంగటిని కూడా అలాగే నములుతుంటే కడప పిల్లలు నోళ్ళు మూసుకొని నవ్వారు. "అక్కా, సంగటిని నమలకూడదు. ఊరుబిండిలో అద్దుకొని మింగాల," అని ఒక పిల్ల నేర్పింది. మొదటి ముద్ద గొంతులో నిలబడిపోయింది. మూడో ముద్దకు దారి తెలిసింది.

పొద్దున హాలు తెరిచారు. ఒక పిల్ల బ్యాటరీతో గంట మోగిస్తోంది. ఇంకొకామె చీకటిపెట్టెలో మొలక వెలుతురు వైపు వంగడం చూపిస్తోంది. మా బల్ల మీద రెండు సీసాల ఎర్రనీళ్ళు, ఒక రాయి, ఒక గింజ. ఎస్తేరు ఒక సీసాను ఊరికే వదిలేసింది. రెండోదాని కోసం గింజను ఇరవైసార్లు, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి అరగదీసి కలిపింది. ఇంతలో పిల్లలందరినీ ప్రార్థనకు పిలిచారు. "ముట్టుకోవద్దక్కా," అని చెప్పి పోయింది.

ముట్టుకోకుండా అరగంట కూర్చున్నాను. రెండు సీసాలూ ఒక్కలాగే ఉన్నాయి. ఎర్రమన్ను కదా, దీనికి ఇరవై చాలదేమో అనిపించింది. మా వైపు ఏది కొలిచినా కొలతతో ఆపరు. గింజలు కొలిస్తే మీద దోసెడు, పాలు పోస్తే మీద గుక్కెడు. కొసరు వేయకపోతే ఇచ్చే చేతికి తృప్తి ఉండదు, పుచ్చుకునే చేతికీ ఉండదు. నేను అటూ ఇటూ చూసి, గింజ తీసుకొని గబగబా అరగదీశాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా అరగదీసి, ఆ గంధమంతా కలిపేశాను. బిడ్డకు సాయం చేశానని నెమ్మదిగా ఊపిరి పీల్చుకున్నాను.

నీళ్ళు తేరలేదు. ఇంకా చిక్కబడి, ఎర్రపాలలా తయారయ్యాయి.

ఎస్తేరు వచ్చి చూసి అలాగే నిలబడిపోయింది. దాని వెనకే, ఒక్కో బల్లా చూసుకుంటూ వస్తున్న బళ్ళ ఇన్‌స్పెక్టరమ్మ. తెల్లచీర, చేతి గడియారం, కోస్తా మాట.

"ఏమ్మా, ఏమిటి నీ పరీక్ష?"

ఎస్తేరు చిల్లగింజ సంగతి తడబడకుండా చెప్పింది. "ఈ రెండో సీసా తేటపడాలమ్మగారూ. పడలేదు."

"ఎందుకు పడలేదు?"

"తెలీదమ్మగారూ. లెక్క తప్పలేదు. ఇరవైసార్లే అరగదీసినా."

పక్క బల్లల దగ్గర కిసుక్కుమన్న నవ్వులు. ఇన్‌స్పెక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకొని, "సరే, వచ్చే ఏడు ఇంకా జాగ్రత్తగా చెయ్యి," అని పక్కకు తిరిగింది. మా పిల్లకు వచ్చే ఏడు ఎక్కడిది?

"నేనే అమ్మగారూ!" అన్నాను. హాలంతా వినబడేలా అన్నానేమో, బ్యాటరీ గంట కూడా ఆగిపోయింది. "నేనే ఇంకా అరగదీసి కలిపినా. అది చేసిన తప్పు కాదు. నాకు తెలీక కొసరు వేసినా."

ఎస్తేరు నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. "ఎన్నిసార్లు?" అంది.

"లెక్కబెట్టలేదే..."

"మతి చేసుకో అక్కా. నలభయ్యా, యాభయ్యా?"

కళ్ళు మూసుకొని నా చేతిని గాలిలో ఆడించి చూసుకున్నాను. "నలభై ఉంటాది."

"ఇరవై, నలభై. అరవై." ఆ పిల్ల పెదవులు కదిలాయి. "అమ్మగారూ, ఒక గంట ఇయ్యండి. పులుసులో ఉప్పెక్కువైతే మా అమ్మ ఇంగ రొంత నీళ్ళు పోస్తాది. ఇది గూడా అంతేనేమో చూస్తా. మూడింతలు చేస్తే మళ్ళా ఇరవై అవుతాది."

ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసుకుంది. "భోజనాల తర్వాత వస్తాను," అంది.

ఎస్తేరు హాస్టల్ నుంచి ఒక గాజుగ్లాసు అడిగి తెచ్చింది. పాడైన సీసాలోంచి ఒక గరిటె, ఊరికే పెట్టిన సీసాలోంచి రెండు గరిటెలు. అలా గ్లాసు నింపి, కలిపి, నా రెండు చేతులూ నా ఒళ్ళో పెట్టించి, "ఇట్లే పెట్టుకో," అంది. మేమిద్దరం భోజనానికి పోలేదు. ఆ గంటలో నేనొక్క మాట కూడా మాట్లాడలేదు. మా ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదు.

ముందు గ్లాసులో సన్నటి నూగు లాంటిది లేచింది. ఆ నూగు ఒకదానికొకటి పట్టుకొని ముద్దలైంది. ముద్దలు నింపాదిగా దిగడం మొదలుపెట్టాయి. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనబడింది. మా ఊళ్ళో తేరినంత తేట కాదు. గోరు కనబడింది, గీతలు కనబడలేదు. సీసాలు రెండూ మాత్రం అలాగే ఎర్రగా ఉన్నాయి.

ఆమె వంగి చాలాసేపు చూసింది. "ఎక్కువ వేస్తే ఎందుకు తేటపడలేదంటావు?"

"తెలీదమ్మగారూ. మీకు తెలుసునా?"

నేను ఎస్తేరు జడ పట్టుకు లాగబోయాను. ఇన్‌స్పెక్టరమ్మ నవ్వింది. "లేదమ్మా. నాకూ తెలీదు. పుస్తకాల్లో చూడాలి."

"నేను ఇరవైఐదుతోనే ఆపేసింటి," అంది ఎస్తేరు. "అక్క వేయకపోయింటే ఈ సంగతి నాకు తెలిసేది కాదు."

అప్పటిదాకా ఏడవని నేను అప్పుడు ఏడ్చాను.

సంతకం

సాయంత్రం బహుమానాలు చదివారు. మొదటిది గంట మోగించిన పిల్లకు, రెండోది మొలక పెంచినామెకు. మాకేమీ లేదు. నేను సీసాలను చీరలో చుట్టడం మొదలుపెట్టాను. అప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ హాస్టల్ సీట్లు చదివింది. ఒకటి గంట పిల్లకు. రెండోది ఎస్తేరుకు.

తర్వాత మమ్మల్ని గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టింది. జూన్‌లో పిల్లను తీసుకొచ్చి వదలాలి, రేకుపెట్టె, పళ్ళెం, రెండు జతల బట్టలు తెచ్చుకోవాలి, చదువు ముగిసేదాకా మధ్యలో మాన్పించబోమని పెద్దవాళ్ళు సంతకం పెట్టాలి. ఈరోజే పెట్టాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"మీ నాన్నగారు ఒప్పుకున్నారా?" అంది.

'చూద్దాంలే' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఎస్తేరు నా వైపు చూడకుండా నేల వైపు చూస్తోంది. నేను కాగితమంతా కూడబలుక్కొని చదివాను. అర్థం కాని మాట ఒకటుంటే అడిగి తెలుసుకున్నాను. ఐదో తరగతి మానేశాక నేను పేరు రాసింది పెళ్ళిరోజు చర్చి పుస్తకంలోనే. ఇది రెండోసారి. ప్రతి అక్షరమూ విడివిడిగా, గట్టిగా రాశాను.

మర్నాడు మైదుకూరులో సంగతి చెబితే మస్తాన్ సాయిబు, "మా బురద గొప్పదని చెప్పినానా లేదా!" అని బండ్లవాళ్ళందరికీ చాటాడు. చాగలమర్రిలో బస్సు ఆగినప్పుడు తల బయటపెట్టి వెతికాను. అవ్వ కనబడలేదు. కనబడితే ఏమని చెప్పేదాన్నో నాకింకా తెలియదు.

ఇంటికొచ్చాక మా నాయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు చదువు రాదు. "చదువు," అన్నాడు. మొత్తం చదివాను. మధ్యలో మాన్పించబోమన్న చోట నా గొంతు కొంచెం దిగింది. "అది మళ్ళా చదువు," అన్నాడు. మళ్ళీ చదివాను.

"దీని కింద ఎవురు రాసినారు?"

"నేనే నాయనా."

"యాడ?"

చూపించాను. నా పేరు మీద బొటనవేలు పెట్టి, సిరా ఆరిందో లేదో చూసేవాడిలా రుద్దాడు. మా అమ్మ పొయ్యి దగ్గర కదలకుండా కూర్చుంది.

"రాసిచ్చి వస్తివి. ఇంగ నన్ను అడిగేదేముండాది," అని కాగితం నాకిచ్చి బయటికి పోయాడు. అది కోపమో, ఒప్పుకోవడమో ఆ పూటంతా మాకెవరికీ తేలలేదు.

జూన్ రావడానికి ఇంకా ఏడు నెలలున్నాయి. మా నాయన మర్నాడే పత్తికొండ సంతకు నడిచిపోయి, నెత్తిన పచ్చరంగు రేకుపెట్టె పెట్టుకొని తిరిగొచ్చాడు.